మట్టిని మరవకండి

హోసూరులో మా అమ్మమ్మగారి మట్టిగోడల ఇల్లు పడగొట్టి డాబా వేశాం. ఇప్పుడు వేసవి రాత్రుళ్ళు ఫ్యాను కింద కూడా నిద్ర పట్టదు. ఇల్లు కట్టబోయే మనవాళ్ళకు అందుకే ఈ మాట.

పక్కనే బెంగుళూరులో, భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో మొదలైన ‘అస్త్ర’ విభాగం మట్టి దిమ్మెల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసింది. జల్లించిన మట్టిలో నూటికి 5 నుంచి 8 పాళ్ళు సిమెంటు కలిపి, చేతిమరలో నొక్కి, మూడు వారాలు తడపాలి. బట్టీ లేదు, కట్టెలూ బొగ్గూ అక్కర్లేదు.

ముందు మట్టిని పరీక్షించండి. గాజుసీసాలో మట్టి, నీళ్ళు పోసి బాగా కుదిపి రాత్రంతా వదిలేయండి. అడుగున ఇసుక ఎక్కువగా పేరుకుంటే మంచిది. నల్లరేగడి పనికిరాదు, తడిస్తే ఉబ్బుతుంది.

ఎత్తైన పునాది, బయటికి వచ్చిన చూరు తప్పనిసరి. అమ్మమ్మ ఇంటికి ఆ రెండూ ఉండేవి. అన్ని వానలకూ నిలిచింది, పడగొట్టింది మేమే.