బిడ్డ ఏ దేశం? మొదటి ఏడాదిలోనే మాట్లాడుకోండి



బందరు, గుడివాడ, అవనిగడ్డ... మన వైపు ఏ వీధిలో అడిగినా ఒకరింట్లో అమెరికా కబురు, ఇంకొకరింట్లో కువైట్ కబురు వినిపిస్తుంది. అక్కడ పుట్టి, ఇక్కడ అమ్మమ్మ దగ్గరో నాన్నమ్మ దగ్గరో ఉండి చదువుకునే పిల్లలు మనకు కొత్త కాదు. వీరిలో కొందరి అమ్మానాన్నల పాస్‌పోర్టులు వేరువేరు. నాన్నగారు అమెరికా పౌరసత్వం తీసుకున్నారు, అమ్మగారు ఇంకా ఇండియన్ పాస్‌పోర్టు మీదే ఉన్నారు. లేదా ఇద్దరిలో ఒకరు అసలు వేరే దేశం వారే. మరి బిడ్డ ఏ దేశం? చాలా ఇళ్లలో ఈ ప్రశ్న నీట్ అప్లికేషన్ నింపే రోజున గానీ రాదు. అప్పటికి బాగా ఆలస్యం అయిపోతుందని నా అభిప్రాయం.

నేను హైస్కూల్ పిల్లలకు సోషల్ చెబుతాను. పౌరసత్వం పాఠంలో పిల్లలు ఎక్కువగా ఆశ్చర్యపోయేది ఒక తేదీ దగ్గర. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం, విదేశంలో పుట్టిన బిడ్డకు 1992 డిసెంబరు 10కి ముందు తండ్రి భారతీయుడైతేనే వంశపారంపర్యంగా మన పౌరసత్వం వచ్చేది. తల్లి భారతీయురాలైతే చాలదు! ఆ తేదీ నుంచి తల్లిదండ్రుల్లో ఎవరు భారతీయులైనా సరిపోతుంది. అయినా ఇళ్లలో ఇప్పటికీ "తండ్రిది ఏదైతే బిడ్డదీ అదే" అనే మాటే నడుస్తోంది. చట్టం మారి ముప్పై ఏళ్లు దాటింది, మన మాట మాత్రం మారలేదు.

అయితే ఆ హక్కు దానంతట అది రాదు. 2004 డిసెంబరు 3 తర్వాత పుట్టిన పిల్లలైతే, ఏడాది లోపు అక్కడి భారత రాయబార కార్యాలయంలో జననం నమోదు చేయించాలి. బిడ్డకు వేరే దేశం పాస్‌పోర్టు లేదని రాసి ఇవ్వాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి. గల్ఫ్‌లో ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం. అక్కడ పుట్టినంత మాత్రాన ఆ దేశం పౌరసత్వం ఇవ్వదు. భారతీయురాలైన తల్లి ద్వారా వచ్చేదే ఆ బిడ్డకు ఏకైక ఆధారం కావచ్చు.

అమెరికాలో పుట్టినవారి సంగతి వేరు. సాధారణంగా ముందు అక్కడి పాస్‌పోర్టు తీసుకుంటారు, తర్వాత ఓసీఐ కార్డు. "ఓసీఐ అంటే ఇండియన్‌తో సమానమే కదా టీచర్" అంటారు. కాదండీ. మన రాజ్యాంగం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. ఓసీఐ అంటే జీవితకాల వీసా లాంటిది. ఓటు ఉండదు. దివిసీమలో తాతగారి మాగాణి వారసత్వంగా రావచ్చు గానీ, పక్క ఎకరం కొనుక్కోవడానికి వీల్లేదు.

మన స్కూల్ పేరెంట్స్‌కు అసలు దెబ్బ తగిలేది సీట్ల దగ్గర. 2021 మార్చి 4 నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ పిల్లలు నీట్, జేఈఈ లాంటివి రాయవచ్చు గానీ, ఎన్ఆర్ఐ, సూపర్‌న్యూమరరీ సీట్లకు మాత్రమే. భారత పౌరులకే కేటాయించిన సీట్లు వారికి రావు. ఆ తేదీకి ముందే కార్డు పొందినవారికి ఈ మార్పు వర్తించదని 2023 ఫిబ్రవరి 3న సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు మన కింది తరగతుల్లో ఉన్న చాలామందికి ఆ ఊరట ఉండకపోవచ్చు. ఆరో తరగతి నుంచి ఫౌండేషన్ కోర్సు చేయించి, 2023లో బందరులోనే ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చిందని సంబరపడి, చివరికి ఎన్ఆర్ఐ ఫీజు చూసి గుండె ఆగినంత పని అవడం ఎందుకు? ఫౌండేషన్ ఫీజు కట్టే ముందే పాస్‌పోర్టు తీసి చూసుకోండి.

అమెరికా పాస్‌పోర్టు తీసుకోవద్దని నేను అనడం లేదు. బిడ్డ అక్కడే పెరిగి అక్కడే చదవాలనుకుంటే అదే సరైనది. "అందరూ తీసుకుంటున్నారు" అని తీసుకుని, ఏడాదికే బిడ్డను గుడివాడ పంపించేయడం దగ్గరే నాకు అభ్యంతరం.

ఇంకో చిక్కు ఉంది. మన దగ్గర నమోదై, పుట్టుక వల్ల ఇంకో దేశం పౌరసత్వం కూడా ఉన్న పిల్లలు పద్దెనిమిది నిండిన ఆరు నెలల్లోపు ఆ రెండోదాన్ని వదులుకోవాలి. లేదంటే మనది పోతుంది. ఆ ఆరు నెలలు సరిగ్గా ఇంటర్, ఎంట్రన్స్, కౌన్సెలింగ్ హడావిడిలోనే వచ్చి పడతాయి. నిర్ణయం మీ అబ్బాయిదో అమ్మాయిదో కనుక, పదో తరగతిలోనే కూర్చోబెట్టి చెప్పండి. పిల్లలకు అర్థం కాదనుకోకండి, ఈ పాఠంలో క్లాసులో నన్ను ఎక్కువ ప్రశ్నలు అడిగేది వాళ్లే.

చివరగా పేర్ల సంగతి. మనకు ఇంటిపేరు ముందుంటుంది, అక్కడ వెనక రాస్తారు. అమ్మగారి టెన్త్ సర్టిఫికెట్‌లో పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, బిడ్డ బర్త్ సర్టిఫికెట్‌లో మూడో స్పెల్లింగ్. మూడూ ఒకే మనిషివని నిరూపించుకోవడానికే నెలలు పట్టవచ్చు. మీ ఇంటి నుంచి ఎవరైనా విదేశంలో కాన్పుకు ఎదురుచూస్తుంటే, చలిమిడి పంపే ముందే భార్యాభర్తలిద్దరి పేర్లూ అన్ని కాగితాల్లో ఒకేలా ఉన్నాయేమో చూసుకోమని ఫోన్ చేసి చెప్పండి.