ల్యాప్‌టాప్ ఏది? టాబ్లెట్ ఏది?



బిడ్డ పైచదువునకు బోవగానే కంప్యూటరు కొనవలయుననుట నేడు ప్రతి యింట వినబడు మాట. చేత బట్టుకొని తిరుగదగిన కంప్యూటర్లలో బెక్కు తెగలు గలవు. వాని భేదము తెలియక కొనినచో సొమ్మును బోవును, చదువును గుంటుపడును. ఇటీవలి నా యనుభవమును విన్నవించెదను.

మా పెద్దాడబిడ్డ కుట్టుపనితో సంసార మీడ్చుచున్నది. కుమార్తె పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదువుచున్నది. ఆమె తన బంగారు గాజులు కుదువబెట్టి, 45,000 రూపాయలు నా చేతిలో నుంచి, "అమ్మాయీ, నాకివి తెలియవు. నీవే చూచి కొనిపెట్టుము" అనెను. మట్టిగాజులు మాత్రమే మిగిలిన యా చేతులను జూచి నాకు భయము పుట్టినది.

అంగడిలో నాలుగు వస్తువులను వరుసగా నుంచిరి. అన్నిటికిని తెర యున్నది, మీటల పలక యున్నది. స్వయంవరమున నైదుగురు నలులను జూచిన దమయంతివలె నైతిని. దేవతలకు చెమట పట్టదు, పాదములు నేల నంటవు. చెమట పట్టినవాడే నలుడని యామె పోల్చుకొన్నది. నేనును గురుతులు వెదకితిని.

మొదటిది టాబ్లెట్. తూకము అరకిలో ప్రాంతము, చప్పుడు లేదు. చదువుటకు, పాఠములు వినుటకు, కలముతో వ్రాయుటకు మేలు. కాని మీటల పలక తగిలించినంతనే ఆండ్రాయిడ్ టాబ్లెట్టుగాని ఐప్యాడుగాని ల్యాప్‌టాప్ కాజాలదు. అవి ఫోనుకు చుట్టములు.

రెండవది 2011లో వెలువడిన క్రోమ్‌బుక్ తెగ. ఇంటర్నెట్ మీద జరుగు పనులకు చాలును. విండోస్ ప్రోగ్రాములు దానిలో నేరుగా నెక్కవు. రక్షణ సవరణలు నిలిచిపోవు తేదీ ముందే నిర్ణయమై యుండును గాన, కొనుటకు ముందది యడుగవలయును.

మూడవది తెర వెనుకకు మడతపడు టూ-ఇన్-వన్. రెండు విధములను బనికివచ్చును గాని, ఆ సదుపాయమునకు ధర యెక్కువ.

నాలుగవది మామూలు ల్యాప్‌టాప్. బరువు కిలోన్నరకు పైమాట. పని హెచ్చినకొలది వేడెక్కును. ఆ వేడిని బయటికి నెట్టుటకు లోపలి గాలిమర రొదచేయును.

పిల్ల నా చెవిలో, "అత్తయ్యా, టాబ్లెట్ చాలును. సగము ధరే. అమ్మ గాజులు కొంత త్వరగా విడిపించవచ్చును" అన్నది. నీకు కళాశాలలో నేమి కావలయునని గట్టిగా నడిగితిని. "ఆటోక్యాడ్" అని తలవంచుకొన్నది. టాబ్లెట్టులో నా పటములను జూచుటకు, స్వల్పముగా దిద్దుటకు మాత్రమే వీలు. సంపూర్ణమైన ఆటోక్యాడ్ విండోస్, మ్యాక్ కంప్యూటర్లకే. కనీసము 8 జీబీ మెమొరీ వలయును. పలుచని యంత్రములు పెక్కింటిలో మెమొరీ పలకకే యతికి యుండి తరువాత పెంచుటకు వీలుండదు. పెంచుటకు వీలున్న నాలుగవదానినే తీసికొంటిమి.

సోదరీమణులారా, బిడ్డ వాడవలసిన ప్రోగ్రాముల పేర్లు కాగితముపై వ్రాయించుకొనియే యంగడి మెట్టెక్కుడు. తల్లి కష్టము దలచి చౌకదానితో సరిపెట్టుకొను బిడ్డలు నోరు విప్పి చెప్పరు.

ఆ రాత్రి పిల్ల యిల్లు గీయుచుండగా మా యాడబిడ్డ దాని యడుగు తాకి, "వేడెక్కుచున్నదే, అమ్మాయీ!" అని కంగారుపడినది.

"పనిచేయుచున్నది, వదినా" అంటిని.