బ్యాండు మేళంలో యుద్ధకవి

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ హార్బరు మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెల దారి పట్టారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గుంటూరుకు తరలిపోయింది. మరుసటి ఏడాదే ఈ ఊరి కుర్రాడు భాగవతుల సదాశివశంకర శాస్త్రి వైమానిక దళంలో చేరాడు. చేతికి తుపాకీ రాలేదు. బ్యాండు మేళంలో వేశారు!

ఆ కుర్రాడే ఆరుద్ర. 1947 దాకా అక్కడే ఉండి, తర్వాత మద్రాసులో ‘ఆనందవాణి’ సంపాదకుడయ్యారు. యూనిఫాం వేసుకున్న నాలుగేళ్లలో కవాతులూ విమానాలూ ఎన్ని చూసి ఉంటారో. అయినా ఆయనకు పేరు తెచ్చిన హింసాకాండ కావ్యం బ్యారక్‌లో పుట్టలేదు. తెలంగాణలో రజాకార్ల అకృత్యాల గురించి పత్రికల్లో చదివి, కదిలిపోయి రాసిన ‘త్వమేవాహం’ అది. మనిషికీ మృత్యువుకీ నడిచే సంవాదంలో ఎండ గడియారం, నీటి గడియారం, ఇసుక గడియారం ప్రతీకలై వస్తాయి. మొదటిసారి చదివితే కొరుకుడు పడదు. పడకపోవడమే మంచిదేమో. అలాంటి దారుణాన్ని గడగడా చదివేసి పేజీ తిప్పేయడం మనకు బాగా అలవాటు.

శ్రీశ్రీదీ ఈ ఊరే. 1938లో ఆంధ్రప్రభ సబ్‌ఎడిటరు, ఆ తర్వాత ఢిల్లీ రేడియో, కొన్నాళ్లు మిలిటరీ కొలువు. హిట్లరు సేనలు సోవియట్ మీద పడిన రోజుల్లో ఆయన రాసిన ‘గర్జించు రష్యా’లో ఆవేశానికి లోటు లేదు. కానీ ఆయనదే ‘దేశచరిత్రలు’ కవిత పక్కన పెట్టి చూస్తే అది వెలవెలబోతుంది. ఒకటి పక్షం కట్టింది, రెండోది రాజుల యుద్ధాల్లో పేరు దక్కని మనుషుల లెక్క అడిగింది.

ఇక మన కాలానికి వస్తే, 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి హార్బరు బయట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ డెప్త్ ఛార్జీల దెబ్బ అని మన నేవీ, ప్రమాదమని పాకిస్తాన్. 2017లో వచ్చిన ‘ఘాజీ’ సినిమా ఈ తగవు జోలికి పోకుండా నీళ్ల అడుగున ముఖాముఖి పోరు పెట్టింది. థియేటర్లో ఈలలు పడ్డాయి, పడాలి కూడా. కానీ ఆ జలాంతర్గామిలో ఉన్న తొంభై మందికి పైగా నావికుల్లో ఒక్కడూ బతకలేదు. ఆ పేలుడుకు కిటికీలు అదిరి మేలుకున్న ఊరి కథ మాత్రం సినిమాకు పనికిరాదు, నవలకు పనికొస్తుంది. ఆ రాత్రి గుర్తున్న పెద్దవాళ్లు పాత పోస్టాఫీసు వీధుల్లో ఇంకా ఉన్నారు, రాసేవాళ్లు వెళ్లి అడగాలి.