గర్భిణులు, బాలింతల క్షయ చికిత్సపై వినతిపత్రం

హనుమకొండ, వరంగల్ జిల్లాల వైద్య ఆరోగ్య శాఖాధికారుల దివ్య సముఖమునకు

ప్రతులు: జిల్లా క్షయ నియంత్రణ అధికారులకు, ఎంజీఎం, సీకేఎం, హనుమకొండ ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రుల సూపరింటెండెంట్లకు

విషయం: గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు టీబీ మందులు ఆగకుండా అందించడం, వాటి భద్రతపై రాతపూర్వక సూచనలు ఇవ్వడం గురించి.

ఆర్యా,

టీబీ మందులు మింగుతున్న స్త్రీ నెల తప్పిందని తెలియగానే ఇంట్లో మొదట వినిపించే మాట ‘మందులు ఆపెయ్’. కడుపులో బిడ్డకు ఏమవుతుందోనన్న భయంతో పెద్దలు అనే మాట అది. కానీ ఆపితే తల్లికి రోగం ముదురుతుంది. బిడ్డ నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం పెరుగుతుంది. మధ్యలో ఆపిన మందులకు క్రిమి లొంగకుండా పోతే, గర్భిణికి నిజంగానే ఇవ్వడానికి వెనుకాడవలసిన మందులు వాడక తప్పని స్థితి వస్తుంది.

ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, ఇథాంబుటాల్, పైరజినమైడ్ నాలుగూ గర్భిణులకు ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం చెబుతున్నాయి. పైరజినమైడ్‌పై తగినంత సమాచారం లేదని అమెరికా మార్గదర్శకాలు వెనుకాడాయి కనుక, ఫోన్లో వెతికినవారికి పొంతన లేని జవాబులు దొరుకుతున్నాయి. వాడకూడనిది స్ట్రెప్టోమైసిన్, అది కడుపులోని బిడ్డ వినికిడిని దెబ్బతీయగలదు. ఇక ఆ నాలుగు మందులూ చనుబాలలోకి చేరేది చాలా స్వల్పం. ఆ కొద్దిపాటి మందు బిడ్డకు హాని చేయదు, టీబీ రాకుండా బిడ్డను కాపాడడానికీ చాలదు.

గర్భిణుల క్షయ చికిత్సలో ప్రసూతి విభాగం, టీబీ విభాగం కలిసి పనిచేయాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2021లోనే విధివిధానాలు ఇచ్చింది. వాటిని ఇక్కడ అమలు చేయాలని కోరుతూ ఈ కింది డిమాండ్లు మీ ముందుంచుతున్నాం.

మొదటిది, రాతపూర్వక హామీ. ఏ మందులు వాడాలో, ఎప్పటివరకో, పాలు ఇవ్వవచ్చో లేదో తల్లీబిడ్డ రక్షణ కార్డులోనే తెలుగులో రాసి వైద్యులు సంతకం చేయాలి. ప్రసూతి వార్డు టీబీ కేంద్రాన్ని అడగమని, టీబీ కేంద్రం ప్రసూతి వైద్యులను అడగమని పంపితే, చివరికి నిర్ణయం ఆ గర్భిణి నెత్తిన పడుతోంది. అది ఆమె మోయవలసిన భారం కాదు. రిఫాంపిసిన్‌తో మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుందని మొదటి రోజే చెప్పాలి. చెప్పకపోతే గర్భిణి దాన్ని రక్తస్రావమనుకుని హడలిపోతుంది.

రెండవది, పర్యవేక్షణ. ఐసోనియాజిడ్ వాడే ప్రతి గర్భిణికి, బాలింతకు మందులతో పాటే పైరిడాక్సిన్ మాత్ర అందాలి. ఐసోనియాజిడ్ వల్ల కాలేయం దెబ్బతినే ముప్పు గర్భిణిగా ఉన్నప్పుడు, ప్రసవం తర్వాతి నెలల్లో కొంత ఎక్కువ. కాబట్టి కాలేయ పరీక్షలు క్రమంగా, ఉచితంగా చేయాలి.

మూడవది, పురుడు. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో ఆడబిడ్డ పుట్టింటికి పోవడం మన ఇళ్లలో ఆనవాయితీ. హనుమకొండలో మందులు తీసుకునే ఆమె పురుటికి ములుగుకో మహబూబాబాద్‌కో పోతుంది. చికిత్స తెగేది చాలావరకు అక్కడే. ఆమె బయలుదేరకముందే నిక్షయ్ పోర్టల్‌లోని ఆమె నమోదును పుట్టింటి దగ్గరి కేంద్రానికి బదిలీ చేసి, కనీసం ఒక నెల మందులు చేతికివ్వాలి. ఆ ఊరి ఆశా కార్యకర్తకు ముందుగా కబురు అందాలి. ఆధార్‌లోని చిరునామా వేరన్న కారణంతో ఎవరినీ తిప్పి పంపకూడదు.

నాలుగవది, బిడ్డ హక్కు. రిఫాంపిసిన్ వాడుతున్న తల్లికి పుట్టిన శిశువుకు విటమిన్ కె ఇంజెక్షన్ తప్పనిసరిగా వేయాలి. బిడ్డకు టీబీ లేదని తేల్చుకున్నాక నివారణ మందు ఎంత మోతాదులో ఇవ్వాలో, బీసీజీ ఎప్పుడు వేయాలో పిల్లల వైద్యులు రాసివ్వాలి. తల్లి తెమడలో క్రిములు ఉన్నంతకాలం మాస్కు కట్టుకుని పాలివ్వడం నేర్పి, మాస్కులు ఆస్పత్రే ఇవ్వాలి. వైద్య కారణం లేకుండా బిడ్డను వేరుచేసి డబ్బాపాలు పట్టించవద్దని అత్తింటివారికి సిబ్బందే నచ్చజెప్పాలి.

ఐదవది, మందులకు లొంగని టీబీ, గర్భనిరోధం. బీపాల్‌ఎం వంటి కొత్త చికిత్స గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు సూచించినది కాదు. కనుక చికిత్సకు ముందు గర్భ నిర్ధారణ పరీక్ష జరగాలి. గర్భం ఉంటే ప్రసూతి వైద్యులు కూడా కూర్చుని నిర్ణయించాలి. ఇక మామూలు టీబీకి వాడే రిఫాంపిసిన్ గర్భనిరోధక మాత్రల బలాన్ని తగ్గిస్తుంది కాబట్టి కాపర్ టీ వంటి మార్గాలను చికిత్స మొదట్లోనే వివరించాలి.

ఆరవది, సరఫరా, పోషణ సాయం. 2024 మార్చిలో మందుల కొరత వచ్చినప్పుడు స్థానికంగా కొనుక్కోమని కేంద్రం రాష్ట్రాలకు లేఖ రాయవలసి వచ్చింది. అటువంటి రోజు మళ్లీ వస్తే గర్భిణులకు, బాలింతలకు తొలి ప్రాధాన్యంగా జిల్లాలో విడిగా నిల్వ ఉంచాలి. 2024 నవంబరు నుంచి నెలకు రూ.1,000కి పెరిగిన, టీబీ రోగుల పోషకాహారానికిచ్చే నిక్షయ్ పోషణ్ సాయం నెలనెలా ఖాతాలో పడాలి.

ఈ డిమాండ్లపై తీసుకునే చర్యలను నెల రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయాలని, టీబీ, ప్రసూతి, పిల్లల విభాగాల వైద్యులతో ఉమ్మడి సమావేశం ఏర్పాటుచేసి మా ప్రతినిధులను పిలవాలని కోరుతున్నాం.

ఇట్లు,
క్షయ చికిత్స పొందుతున్న మహిళలు, వారి కుటుంబ సభ్యులు,
వరంగల్, హనుమకొండ