పాటకు పాటను ముడివేసే విద్య

వార్షికోత్సవం సమీపించగానే మన కళాశాలలో డి.జె. వివాదం తలెత్తడం పరిపాటి అయినది. విద్యార్థులు కావాలంటారు, పాలకవర్గంవారు వలదంటారు. ఉభయులూ వాదిస్తున్నది శబ్దాన్ని గురించే గాని సంగీతాన్ని గురించి కాదని మా అభిప్రాయం. మన నెల్లూరు ప్రాంతంలో ఆ మాట బండిమీద గోడవలె పేర్చిన స్పీకర్ల పెట్టెలకు పేరైపోయినది. నిజానికది ఒక మనిషి చేసే పనికి పేరు.

ఆ పని ఎట్టిది? అమెరికాలోని షికాగోలో 1977లో వెలసిన ‘వేర్‌హౌస్’ అనే నృత్యశాలలో ఫ్రాంకీ నకల్స్ అనే నల్లజాతి కళాకారుడు రికార్డులు వాయించేవాడు. హౌస్ సంగీతానికి ఆ పేరు ఆ శాలనుండే వచ్చిందని ప్రతీతి. నిమిషానికి ఇంచుమించు 120 మొదలు 130 దరువులు. నాలుగేసి దరువుల ఆవృత్తం. ఒక రికార్డు తిరుగుతుండగానే రెండవదానిని ఒక చెవికి హెడ్‌ఫోన్ ఆనించి విని, దాని వేగాన్ని మొదటిదానితో సమంచేసి, ఆవృత్తం మొదలయ్యే తావున కలపాలి. రెండింటి మంద్రధ్వనులు ఒక్కసారిగా మ్రోగితే అంతా అలుక్కుపోతుంది. కనుక ఒకదానిని తగ్గిస్తూ మరొకదానిని హెచ్చించాలి. గాత్రంమీద గాత్రం పడరాదు. 120 దరువుల రికార్డును 126కు పరుగెత్తిస్తే పెరిగిన వేగం ఐదు శాతమే, కాని శ్రుతి దాదాపు ఒక స్వరస్థానం పైకి పోతుంది. నేటి కంప్యూటరు శ్రుతి చెడకుండా వేగాన్ని మార్చగలదు, దరువులనూ తానే కలపగలదు. ఎదుటివారి ముఖాలు చూచి తరువాతి పాట ఏదో నిర్ణయించడం మాత్రం మనిషి పనే.

కసుమూరు వంటి చోట్ల ఉరుసు రాత్రి ఖవ్వాలీ విన్నవారికి ఇది బొత్తిగా క్రొత్త కాదు. ముందు హమ్ద్, పిదప నాత్, ఆపైన మన్ఖబత్, దానికొక క్రమమున్నది. పాట నడుమ మరొక కవి షేర్‌ను తెచ్చి అతికించడాన్ని ఉర్దూలో ‘గిరహ్’ అంటారు, అనగా ముడి. చప్పట్ల లయ తెగకుండా, భావం కలిసినప్పుడే ఆ ముడి నిలుస్తుంది. భక్తిగానాన్ని నృత్యశాలతో పోల్చడమేమని పెద్దలు నొచ్చుకోవచ్చు. మేము పోలుస్తున్నది ఉద్దేశాన్ని కాదు, పనితనాన్ని.

ఇతరుల పాటలు వాయించడంలో విద్య ఏమున్నదని మరికొందరి ఆక్షేపణ. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ఏరి కూర్చిన ‘చాటుపద్యమణిమంజరి’ని చూచి, ఇందులో వారిదేమున్నదని ఎవరైనా అనగలరా?

విద్యార్థులకూ ఒక మాట. మైపాడు విహారయాత్ర బస్సులో పల్లవి ముగియకముందే పాటను త్రుంచి మరొకటి వేస్తారు. అది కూర్పు కాదు, అసహనం. గుండె అదిరితేనే సంగీతమనుకోవడం అంతకన్న పొరపాటు. చక్కని కూర్పు చిన్న స్పీకరులోనూ చక్కగానే ఉంటుంది.

పాలకవర్గం వారి భయం నిరాధారమనలేము. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాలకు పగటి పరిమితి 55 డెసిబెళ్లే. అందుచేత మా సూచన ఇది: సభామందిరంలో, తలుపులు మూసి, మధ్యాహ్నం ఒక అరగంట ఈయండి. పూనుకొన్న విద్యార్థి పాటల పట్టికను, ఒక్కొక్కదాని వేగాన్ని, ఏ తావున దేనిని ఎందుకు కలుపుతున్నాడో ముందుగా వ్రాసి తెలుగు, ఉర్దూ శాఖలకు చూపాలి. సభామందిరంలో ఉన్న స్పీకర్లే చాలు. బండి గేటు దాటి లోనికి రానక్కరలేదు.