సభ్యత్వ శ్రేణులు – వాని వివరణ భాష

మన సాహిత్య సంస్థలలో కొన్ని నేడు అంతర్జాలపుటల మూలమున సభ్యులను చేర్చుకొనుచున్నవి. రుసుమును బట్టి రజత, స్వర్ణ, వజ్ర సభ్యత్వములని శ్రేణు లేర్పరచి, ఒక్కొక్క దాని క్రింద రెండు మూడు వాక్యముల వివరణ నిచ్చుట పరిపాటియైనది. ఆ వాక్యములు తరచుగా ఆంగ్ల వ్యాపారప్రకటనల యనువాదములు. వానిని వ్రాయుట గుమాస్తాల పనియని పండితులు ఉపేక్షించుచున్నారు. పత్రికల మనుగడ చందాదారులపై నాధారపడియున్న కాలమున ఈ యుపేక్ష తగదని నా మనవి.

రాష్ట్రాంతరమున తెలుగు బోధించుచున్న నేను ఆ మధ్య సూరతు జిల్లాలోని బార్డోలీకి పోయి, అచ్చటి స్వరాజ్య ఆశ్రమమును చూచితిని. బార్డోలీ యనగానే 1928 నాటి పన్నుల నిరాకరణమును, వల్లభభాయి పటేలును స్మరించుట సహజము. నాకు మాత్రము అంతకు పూర్వపు తీర్మానమొకటి తలపునకు వచ్చినది. 1921లో మన బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెసు సంఘము కోటి సభ్యులు, కోటి రూపాయలు, 20 లక్షల రాట్నములు లక్ష్యముగా పెట్టుకొన్నది. చౌరీచౌరా దుర్ఘటన పిమ్మట 1922 ఫిబ్రవరిలో కార్యనిర్వాహక వర్గము బార్డోలీలో సమావేశమై, శాసనోల్లంఘనమును నిలిపి, నిర్మాణ కార్యక్రమమును నిర్దేశించినది. కోటి సభ్యులను చేర్చుట అందును కలదు. కాని ఈ పర్యాయము దానికి వివరణలను జోడించిరి. సత్యమునందును అహింసయందును విశ్వాసము లేనివారిని చేర్చుకొనరాదు. చేరుమని కోరబడిన ప్రతివ్యక్తికిని ధ్యేయమును శ్రద్ధతో తెలియజెప్పవలెను. వార్షిక చందా నీయనివాడు సభ్యుడు కాడు. ఆనాటి చందా నాలుగణాలు. అల్పమైన చందాకైనను సంపూర్ణమైన వివరణ అవసరమని దీని తాత్పర్యము.

1925లో పట్నాలో స్థాపితమైన అఖిల భారత చరఖా సంఘపు నియమావళి శ్రేణుల విషయమున మరింత విశదమైనది. ఖద్దరు ధరించుచు నెలకు 1000 గజముల స్వహస్తపు నూలు నిచ్చువారు మొదటి తరగతి సభ్యులు. ఏటికి 2000 గజము లిచ్చువారు రెండవ తరగతి సభ్యులు. ఏటికి 12 రూపాయలు గాని, ఒక్కమారుగా 500 రూపాయలు గాని చెల్లించువారికి సభ్యులను పేరు లేదు. వారు అనుబంధులు మాత్రమే. వారును ఖద్దరు ధరింపవలసినదే. అచ్చట శ్రేణి నామము చేయు పనిని తెలిపినది.

బిరుదము లేనిదే ధనవంతులు పెద్ద మొత్తము లీయరని కొందరందురు. అందు కొంత నిజము లేకపోలేదు. మన పూర్వ సంస్థలును పోషకులు, జీవితసభ్యులు అని వ్యవహరించినవి. అయితే పోషకుడను మాటలో పోషించుట యను క్రియ కలదు. స్వర్ణమను మాట దాత సంచి బరువును మాత్రమే చెప్పును. స్వల్పజీతము గల పల్లెటూరి ఉపాధ్యాయుడు తన్ను వెండిగా లెక్కకట్టిరని నొచ్చుకొని మరలిపోయినచో నష్టము పత్రికదే.

కావున ప్రతి శ్రేణి వివరణలోను మూడు విషయము లుండవలెను: రుసుమెంత, చదువరికి లభించున దేమి, ఆ ధనముతో సంస్థ చేయున దేమి. ‘విశిష్ట సదుపాయముల నాస్వాదింపుడు’ అను వాక్యము ఏమియు చెప్పదు. ‘ఏటికి 500 రూపాయలు, నాలుగు సంచికలు మీ కందును, చందాలో సగము తాళపత్రముల ప్రతిలేఖనమునకు వెచ్చింతుము’ అని వ్రాసినచో చదువరి తానే నిర్ణయించుకొనును. ఆ మాటను నిలుపుకొనజాలని సంస్థ దానిని వ్రాయరాదు. ఒప్పించు శక్తి విశేషణములలో కంటె నిలుపుకొనదగిన వాగ్దానమునందే హెచ్చు.

శాసనములు వ్రాయించిన మన పూర్వులు దాన మెంతయో, దేనికో, ఎంతకాలమో స్పష్టముగా చెక్కించిరి. ఆ శాసనములను పరిష్కరించు తెలుగు శాఖలు తమ విద్యార్థులకు ఈ చిన్న రచనను కూడ నేర్పుట యుక్తము.