మందు తయారీలో మిగిలిన విషం ఎవరి లెక్కలోకి వస్తుంది?

జలుబుకు యాంటీబయాటిక్ మింగవద్దని, చీటీ లేకుండా దుకాణంలో కొనవద్దని వైద్యులం దశాబ్దాలుగా చెబుతూనే ఉన్నాము. ఆ మాట సరైనదే. కాని మందులకు లొంగని బాక్టీరియా పుట్టుకకు నిందంతా రోగిపైకి నెట్టి, మందు పుట్టిన చోటును వదిలివేయడం అన్యాయం.

స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రకటించిన పరిశోధనను ప్రతి కెమికల్ ఇంజనీరూ చదవాలి. హైదరాబాదు సమీపాన పటాన్‌చెరులో సుమారు 90 మందుల కర్మాగారాల వ్యర్థజలం చేరే ఉమ్మడి శుద్ధికేంద్రం ఉంది. అక్కడి నుంచి వెలువడిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ కనబడింది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేది లీటరుకు రెండు నుంచి నాలుగు మిల్లీగ్రాములే! పైగా ఇది శుద్ధి జరిగిన తరువాతి లెక్క. అటువంటి కేంద్రాలలో మురుగును విరిచేది సూక్ష్మజీవులే. సూక్ష్మజీవులను చంపే మందును వాటికే అప్పగించి శుభ్రం చేయమనడం ఏ శాస్త్రం? ఆ నీటిలో బతికి బట్టకట్టేవి మందును ఓడించిన బాక్టీరియా మాత్రమే.

కనుక చివరి గొట్టం దగ్గర కాపలా చాలదు. కిలో మందు తయారీకి 25 నుంచి 100 కిలోలకు పైగా వ్యర్థం మిగులుతుందని రోజర్ షెల్డన్ 1992లోనే లెక్క చూపారు. ఏ ద్రావణి వాడాలి, ఎన్ని దశలు ఉండాలి, దేనిని తిరిగి వాడుకోవాలి అన్నవి కర్మాగారం కట్టకముందే ఇంజనీరు కాగితం మీద తేలిపోతాయి. సుస్థిరత పేరిట ఆవరణలో మొక్కలు నాటడం ఆ కాగితానికి బదులు కాదు.

ఖర్చు భరించలేమంటారు. సెర్ట్రలిన్ అనే మనోవ్యాధుల మందు సంగతి చూడండి. మూడు దశలను ఒకటిగా కుదించి, నాలుగు ద్రావణుల స్థానంలో ఇథనాల్ ఒక్కదానినే వాడారు. టన్నుకు 60,000 గ్యాలన్ల ద్రావణి 6,000కు దిగింది, దిగుబడి రెట్టింపయింది. 2002లో అమెరికాలో హరిత రసాయన పురస్కారం కూడా దక్కింది. నష్టపోయినదెవరు?

మన ప్రభుత్వం 2020లో మందుల పరిశ్రమ వ్యర్థజలంలో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు ప్రతిపాదించింది. 2021 తుది నిబంధనలలో అవి మాయమయ్యాయి. పరిమితి లేదు గనుక కొలవనక్కరలేదని ఇంజనీర్లు ఊరుకోవచ్చునా? ఏ గొట్టంలో ఏ మందు ఎంత పోతున్నదో కర్మాగారంలో అందరికంటే ముందు తెలిసేది వారికే. ఆ అంకెను యాజమాన్యం ముందు పెట్టవలసినదీ, దిగువ గ్రామాలకు తెలియజేయమని పట్టుబట్టవలసినదీ వారే.